తూటాకు పూసిన కందెన: ఇందులో ఏమున్నది?

(ఈ శుక్రవారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలు ఇవి. వినడానికి వీలుకాని వాళ్ళ కోసం, డ్యూటీ బస్సులో చదువుకునే వాళ్ళ కోసం ఎప్పటిలాగే రాసి పెడుతున్నాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.)

  ఎండలు మళ్ళీ ముదిరాయి. నీళ్ళు తాగుతూ ఉండండి, ఈ మాట నేను ప్రతి వారం చెప్తా, మీరు ప్రతి వారం నవ్వుకుంటరు, అయినా చెప్తా.

పోయిన వారం అల్ ఖోర్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా దగ్గర బండ్లకు పెట్టే గ్రీజ్‌లో పంది కొవ్వు కలుస్తదంటున్నరు, ఇంకొకాయన ఆవు కొవ్వు అంటున్నడు, చేత్తో ముట్టుకొని అన్నం తినాల్నంటే మనసొప్పుతలేదు, నిజమేనా?" అని. ఆ మెసేజ్ రెండుసార్లు విన్నా. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి నవ్వు రాలేదు. ఎందుకంటే ఇదే ప్రశ్న 1857లో ఒక సామ్రాజ్యాన్ని కుదిపేసింది. ఇదే ప్రశ్న కొన్నేళ్ళ కింద ఇక్కడే సనయ్యలో, నేను పనిచేసిన గ్యారేజ్‌లో కూడా వచ్చింది. అప్పుడు నేను ఒక తప్పు చేశా. ఇవ్వాళ ఆ రెండూ చెప్తా.

ముందు కందెన గురించి. నేను చేసేది పెద్ద మిషన్లకు గ్రీజ్ కొట్టే పని. ఎక్స్‌కవేటర్, లోడర్, క్రేన్, ఏదైనా సరే, పిన్ను దగ్గర, బేరింగ్ దగ్గర గ్రీజ్ లేకపోతే ఇనుము ఇనుమును తినేస్తది. ఇది నాకు ఖతార్‌లో ఎవరూ నేర్పలేదు. మా తాత ఎడ్లబండి దగ్గరే నేర్చుకున్నా. బండి కింద ఒక చిన్న వెదురు గొట్టం వేలాడేది. అందులో ఆముదం, కాల్చిన గడ్డి మసి కలిపిన నల్లటి ముద్ద. దాన్నే కందెన అంటారు. ఇరుసుకు కందెన పెట్టకుండా బండి కడితే చక్రం కీచుమని ఊరంతా వినబడేది. "ఎద్దుకు గడ్డి ఎంతో, ఇరుసుకు కందెన అంత" అని తాత అనేవాడు. రాసుకునే చోట ఒక మెత్తటి పొర ఉండాలి, విషయం ఇంతే. బండి ఇరుసైనా, క్రేన్ పిన్నైనా, తుపాకీ గొట్టంలో దూరే తూటా అయినా.

తూటాకు కందెన ఏమిటి అనుకుంటున్నారా? అక్కడికే వస్తున్నా.

ఆ రోజుల్లో తూటా అంటే సీసం. మెత్తటి లోహం, తక్కువ వేడికే కరుగుతుంది, అచ్చులో పోస్తే గుండు తయారు. అమెరికా లాంటి చోట్ల ఇప్పటికీ సరదాకి ఇంట్లో సీసం గుండ్లు పోసుకొని, ఒక్కొక్కదానికీ చేత్తో మైనం రుద్దుకునే వాళ్ళున్నారు. ఎందుకు రుద్దాలి? రెండు కారణాలు. ఒకటి, మెత్తటి సీసం గొట్టం లోపలి గోడకు రాసుకొని అంటుకుపోతుంది. రెండోది, పాతకాలపు నల్లమందు కాలినప్పుడు అందులో సగానికి పైగా వాయువు కాదు, మసి, ఉప్పు లాంటి గట్టి మడ్డి అవుతుంది. నాలుగు సార్లు పేల్చేసరికి గొట్టం పూడుకుపోయి తర్వాతి గుండు దిగదు. కొవ్వో మైనమో రాస్తే ఆ మడ్డి మెత్తగా ఉంటుంది.

1853లో ఇంగ్లీషువాళ్ళు ఎన్‌ఫీల్డ్ అనే రైఫిల్ తెచ్చారు. దాని గొట్టం లోపల మరలాగా గాళ్ళు ఉంటాయి. గుండు గిరగిరా తిరుగుతూ బయటికి వచ్చి దూరం, సూటిగా పోతుంది. అయితే మందు, గుండు రెండూ మూతి నుంచే కూరాలి. అందుకే కొలిచిన మందు, గుండు కలిపి కాగితం పొట్లంలో చుట్టేవారు. సిపాయి ఏం చెయ్యాలి? పొట్లం కొసను పళ్ళతో కొరికి చింపాలి, మందు గొట్టంలో పోయాలి, తర్వాత గుండును దాని కాగితంతో సహా లోపలికి దూర్చి గజంతో దట్టించాలి. ఆ గుండు చుట్టూ ఉన్న కాగితానికే కందెన. 

ఇప్పుడు ఆ సిపాయి ఎవరు? ఇక్కడ కొంచెం ఆగుదాం. ఈ సంగతి మన పుస్తకాల్లో సరిగా చెప్పరు.

1756 చివర క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కు ఓడల్లో పోయినప్పుడు, తెల్ల సైనికులతో పాటు వెయ్యికి పైగా దక్షిణాది సిపాయిలను తీసుకుపోయాడు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో. ఉత్తరాది వాళ్ళు ఎర్రకోటు వేసుకున్న దేశీ సిపాయిని మొదట చూసింది అలాగే. అందుకే వాళ్ళ నోట ఆ సిపాయి పేరే "తిలంగా" అయిపోయింది. తెలంగాణ, తెలుంగు, తిలంగా. వందేళ్ళ తర్వాత, 1857లో, అవధ్ నుంచి బీహార్ నుంచి వచ్చిన సిపాయిలు ఢిల్లీలో తిరగబడ్డప్పుడు కూడా ఢిల్లీ జనం వాళ్ళను తిలంగాలు అనే పిలిచారు. వాళ్ళలో తెలుగొచ్చినవాడు ఎవడూ లేకపోవచ్చు. పేరు మాత్రం మనది. ఇక్కడ ఎవరు ఏ దేశంవాళ్ళైనా "హిందీ" అని, "బంగాలీ" అని ఒకే పేరుతో పిలుస్తుంటారు చూడండి, అట్లాంటిదే.

ఊరు విడిచి, సముద్రం దాటి, ఇంకొకరి కింద, ఇంకొకరి భాషలో ఆర్డర్ వింటూ పనిచేసిన తెలుగువాడు మనకంటే చాలా ముందే ఉన్నాడన్నమాట. ఓడ ఎక్కం అన్నవాళ్ళు కూడా ఉన్నారు. 1780 అక్టోబర్ 3న విశాఖపట్నంలో, మద్రాసుకు ఓడలో పొమ్మంటే సిపాయిలు అధికారుల మీద తిరగబడ్డారు.

జీతం? 1857 నాటికి కాలి సిపాయికి నెలకు 7 రూపాయలు. ఎన్నో ఏళ్ళుగా అదే 7. అందులోనే తిండి ఖర్చు. పరాయి ప్రాంతానికి పోతే "బత్తా" అని పైన కొంత ఇచ్చేవారు. సింధ్, పంజాబ్ కంపెనీ రాజ్యంలో కలిసిపోయాక, "ఇప్పుడిది పరాయి దేశం కాదు, మనదే" అని ఆ బత్తా తీసేశారు. అదే పని, అదే ఎండ, అదే దూరం, చేతికొచ్చేది తక్కువ. ఓవర్‌టైమ్ కోసినప్పుడు ఎట్లుంటదో మీకు నేను చెప్పక్కర్లేదు. 1856లో ఇంకో ఆర్డర్ వచ్చింది, కొత్తగా చేరేవాళ్ళంతా సముద్రం దాటి ఎక్కడికైనా పోవాల్సిందేనని. అదే ఏడాది అవధ్ రాజ్యాన్ని లాగేసుకున్నారు. ఎంతోమంది సిపాయిల సొంత ఊళ్ళు అక్కడివే. ఇరుసు అప్పటికే ఎండిపోయి ఉంది.

1857 జనవరి. కలకత్తా పక్కన డమ్‌డమ్. అక్కడ కొత్త రైఫిల్ ట్రైనింగ్, తూటాలు చేసే కార్ఖానా. కార్ఖానాలో పనిచేసే ఒక ఖలాసీ ఒక బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్ళడిగాడు. సిపాయి కులం చూసి కాదన్నాడు. ఆ ఖలాసీకి రోషం వచ్చింది. కొద్దిరోజుల్లో నీ కులం కూడా పోతుందిలే, ఆవు కొవ్వు, పంది కొవ్వు రాసిన తూటాలు నోటితో కొరకబోతున్నావు కదా, అని అర్థం వచ్చేలా అన్నాడు. సంగతి అధికారుల చెవిన జనవరి 22న పడింది. ఒక్క చెంబు నీళ్ళ దగ్గర మొదలైన మాట. నీళ్ళిచ్చి ఉంటే ఆ మాట ఆ రోజు వచ్చేది కాదు. అవమానం తిన్న మనిషి నోటి నుంచి వచ్చింది కాబట్టే అంత పదునుగా వచ్చింది.

ఇంతకీ అది పుకారా, నిజమా? అసలు చిక్కు ఇక్కడే. ఆ కందెనలో జంతువుల కొవ్వు ఉందన్నది నిజమే. అది ఏ జంతువుదో కాంట్రాక్టర్‌కు ఎవరూ గట్టిగా చెప్పలేదు, వచ్చిన సరుకును ఎవరూ చూడలేదు. అంటే "అందులో అది లేదు" అని ప్రమాణం చేసి చెప్పగలిగే అధికారి ఒక్కడూ లేడు. పైగా 1853లోనే, పరీక్ష కోసం మొదటి తూటాలు ఇండియాకు వచ్చినప్పుడే, టక్కర్ అనే సైనికాధికారి కాగితం రాసి పెట్టాడు. ఈ కొవ్వు దేశీ సిపాయిల మతానికి అడ్డురాదని తేలేదాకా వాళ్ళకివ్వొద్దని. ఆ కాగితం ఫైల్లో ఉండిపోయింది.

బారక్‌పూర్‌లో హియర్సీ అనే జనరల్‌కు సిపాయిల మాట తెలుసు. సిపాయిలే బజారులో తమకు నచ్చిన నూనె, మైనం కొనుక్కొని చేత్తో రాసుకుంటారు, వదిలెయ్యండి అన్నాడు. జనవరి నెలాఖరుకల్లా ప్రభుత్వం ఒప్పుకుంది. కందెన లేని తూటాలు ఇవ్వండి, వాళ్ళ కందెన వాళ్ళే రాసుకుంటారని. మంచి ఆర్డరే. కానీ అప్పటికి ఏం జరిగింది? అనుమానం కందెన మీద నుంచి కాగితం మీదికి పాకింది. ఫిబ్రవరిలో విచారణ పెడితే, కాగితం మెరుస్తోంది, కాలిస్తే చిటపటమంటోంది, ఇందులోనే కొవ్వుంది అన్నారు సిపాయిలు. ముందు రోజు దాకా ఏ అనుమానం లేని వస్తువు కూడా ఇప్పుడు అనుమానమే.

ఫిబ్రవరి 26న బరంపూర్‌లో 19వ పటాలం తూటాలు ముట్టనంది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు, ఏప్రిల్ 8న ఉరి తీశారు. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మందిని నిలబెట్టి, ఇప్పుడు పళ్ళతో కొరకక్కర్లేదు, చేత్తో చింపండి చాలు అంటే, 85 మంది ఒప్పుకోలేదు. మే 9న అందరి ముందు యూనిఫాం ఊడదీసి కాళ్ళకు సంకెళ్ళు కొట్టించారు. మర్నాడు, మే 10 ఆదివారం, మీరట్ మండింది. బరంపూర్‌లో, మీరట్‌లో వాళ్ళ చేతికి ఇచ్చినవి కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలు కావు, పాతరకంవే అని చరిత్రకారులు చెప్తారు. అయినా ఏం లాభం? నమ్మకం పోయాక వస్తువులో ఏముందన్నది ఎవడూ చూడడు. ఇచ్చే చెయ్యి ఎవరిదని చూస్తాడు.

మన హైదరాబాద్ సంగతి కూడా చెప్పాలి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి వందల మందితో రెసిడెన్సీ మీద దాడి చేశారు. తర్వాతి కాలంలో కోఠి ఉమెన్స్ కాలేజ్ అయ్యింది అదే. అక్కడ గొడవ తూటా కొవ్వు గురించి కాదు, పట్టుబడ్డ సిపాయిలను విడిపించడానికి. దాడి నిలవలేదు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. "నువ్వేమన్న పెద్ద తుర్రం ఖాన్‌వా" అని మనం వెక్కిరింపుగా అంటుంటాం కదా, ఆ తుర్రం ఖాన్ ఈయనే అంటారు. ప్రాణం పెట్టిన మనిషి పేరు మన నోట్లో వెక్కిరింత అయ్యింది.

ఇక నా సంగతి.

నేను అప్పుడు చేసేది ఒక కంపెనీ గ్యారేజ్‌లో. పేరు చెప్పను, అవసరం లేదు. ఒక ఎండాకాలం కొత్త గ్రీజ్ డ్రమ్ములు వచ్చాయి. పాతవాటి మీద పేరు, బొమ్మలు ఉండేవి. వీటి మీద ఏ లేబుల్ లేదు, చాక్‌పీస్‌తో నంబర్ రాసి ఉంది. గ్రీజ్ గన్లు సరిపోక సగం పని చేత్తోనే. అరచేతిలో ముద్ద తీసుకొని బేరింగ్‌లోకి వత్తడం.

పది రోజులకు మాలో పెద్దాయన, పెద్దపల్లి వైపు అన్న, చేతులు చూపించాడు. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. ఆయన ఫోర్‌మన్ దగ్గరికి పోయి ఒక్కటే అడిగాడు. "ఇందులో ఏమున్నది సార్? నా చేతులు ఇట్లయితున్నయి." ఫోర్‌మన్ డ్రమ్ము వైపు కూడా చూడలేదు. "కుఛ్ నహీ హై, కామ్ కరో" అన్నాడు. ఏమీ లేదు, పని చెయ్. ఏమీ లేకపోతే డ్రమ్ములో ఉన్నదేంది మరి?

ఆ రాత్రి రూమ్‌లో దాని మీదే ముచ్చట. ఒకరు పాత వంట నూనె అన్నారు. ఒకరు కొవ్వు అన్నారు. ఏ కొవ్వు అంటే, బీహార్ భాయ్ పంది అన్నాడు, ఇంకొకరు ఆవు అన్నారు. నేను ఫోన్ తీసి గ్రూపులో వాయిస్ పెట్టా. "మన దగ్గర కొత్త గ్రీజ్‌లో పంది కొవ్వు కలుస్తుందంట, పెద్దపల్లి అన్న ఫోర్‌మన్‌ను అడిగితే జవాబు చెప్పలేకపోయిండు" అని. అన్న ఆ కొవ్వు మాట అననే లేదు. చేతుల గురించి అడిగాడు. నేను రెండూ కలిపేశా. ఎందుకు కలిపినవు అంటే, చెప్తే అందరూ వింటున్నారు కదా అని. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

మర్నాటికి అది మూడు క్యాంపులు తిరిగింది. కొందరు గ్రీజ్ ముట్టమన్నారు. పైపైన పని చేశారు. వారం లోపల ఒక లోడర్ బేరింగ్ కాలిపోయింది. ఆఫీస్‌వాళ్ళు విచారణ పెట్టారు. ఎవరు మొదలుపెట్టారు? వాయిస్‌లో ఉన్న పేరు ఒక్కటే. గొంతు నాదని ఎవరూ గుర్తుపట్టలేదు, నేనూ చెప్పలేదు. పద్దెనిమిది రోజులకు అన్నను క్యాన్సిల్ చేసి పంపేశారు. బస్సు ఎక్కేటప్పుడు నా భుజం తట్టి, "పిలగాండ్లు పైలం, చేతులు మంచిగ కడుక్కోండ్రి" అన్నాడు. చేతులు ఆయనవే ఇంకా మానలేదు.

రెండు నెలలకు కొత్త సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు. కేరళ ఆయన. వచ్చిన మొదటి వారం స్టోర్‌లోకి పోయి, కొన్న చోటి నుంచి కాగితాలు తెప్పించి, టూల్‌బాక్స్ మీటింగ్‌లో అందరికీ హిందీలో చదివి వినిపించాడు. అది లిథియం గ్రీజ్. మినరల్ నూనెను గట్టిపరచడానికి ఒక రకం సబ్బు కలుపుతారు. ఆ సబ్బు దేనితో చేస్తారో తెలుసా? ఆముదంతో. ఆముదం నుంచి తీసిన పదార్థంతో. పంది లేదు, ఆవు లేదు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే ఆముదం, మా తాత వెదురు గొట్టంలో ఉన్న ఆముదం. నేను అక్కడ నిలబడి ఎటు చూడాలో తెలియక నా బూట్లు చూసుకున్నా.

అల్ ఖోర్ తమ్ముడూ, ఒక మాట సూటిగా చెప్తా. అన్ని గ్రీజులూ ఇదే రకం కావు. సున్నం, జంతువుల కొవ్వు కలిపి చేసే గ్రీజులు కూడా లోకంలో ఉన్నాయి, ఎప్పటి నుంచో ఉన్నాయి. కాబట్టి "లేదు" అని నేను ఇక్కడ కూర్చొని చెప్పలేను, "ఉంది" అని నీ పక్కవాడూ చెప్పలేడు. కాగితం చూసి చెప్పాలి. అంతే.

మరి చేతులు ఎందుకు పగిలినయి? గ్రీజ్ వల్ల కాదు, గ్రీజ్ పోవడానికి మేము కడుక్కున్నదాని వల్ల. డీజిల్, థిన్నర్. అవి గ్రీజ్‌తో పాటు మన చర్మంలో ఉండే సహజమైన నూనెను కూడా లాగేస్తాయి. ఎండిన చర్మం పగులుతుంది, పగులులో మళ్ళీ థిన్నర్. అన్న అడిగిన ప్రశ్నకు జవాబు అదీ. ఆయన సరైన ప్రశ్న అడిగాడు. ఫోర్‌మన్ దాన్ని వినలేదు, నేను దాన్ని చెడగొట్టా. ఇద్దరం కలిసి ఒక మనిషి పొట్ట కొట్టాం.

పోయినసారి సెలవుకు పోయినప్పుడు ఆయన ఊరికి పోయా. ఆ వాయిస్ నాదేనని చెప్పా. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకప్పుడే తెలుసు, నీ గొంతు నాకు తెల్వదా" అన్నాడు. చాయ్ పెట్టించాడు. క్షమించిన అని అనలేదు, నేనూ అడగలేదు. "నువ్వు మాట్లాడే ఆ ప్రోగ్రాంల చెప్పు, ఇంకొకనికి గిట్ల కావద్దు" అన్నాడు. అందుకే ఇవ్వాళ చెప్తున్నా.

సరే, ఇప్పుడు పనికొచ్చే మాటలు.

ఒకటి. మీరు చేత్తో ముట్టే ప్రతి కెమికల్‌కు, గ్రీజ్ కానీ, పెయింట్ కానీ, క్లీనర్ కానీ, సేఫ్టీ డేటా షీట్ అనే కాగితం ఉంటుంది. ఎస్‌డీఎస్ అంటారు. అందులో 16 భాగాలు. 2వది ప్రమాదం ఏమిటి, 3వది అందులో ఏమేం ఉన్నాయి, 4వది తగిలితే మొదట ఏం చెయ్యాలి, 8వది ఏ గ్లవ్స్, ఏ మాస్క్ వాడాలి. ఈ నాలుగు అంకెలు గుర్తుపెట్టుకోండి చాలు. "ఇస్ కా ఎస్‌డీఎస్ దిఖాయియే" అని నెమ్మదిగా అడగండి. ఒక్కరే పోవద్దు, నలుగురు కలిసి టూల్‌బాక్స్ మీటింగ్‌లో అందరి ముందూ అడగండి. ఒక్కడి పేరు మీద పడకుండా ఉంటుంది.

రెండు. అడగడం తప్పు కాదు. ఖతార్ కార్మిక చట్టం, 2004లో వచ్చిన 14వ నంబర్ చట్టం, పనిలో ఉన్న ప్రమాదాలను మొదట్లోనే కార్మికుడికి చెప్పాలని యజమానికే బాధ్యత పెట్టింది. గ్లవ్స్, మాస్కుల ఖర్చు జీతంలో కోయడానికి లేదు. కంపెనీలో వినకపోతే కార్మిక మంత్రిత్వ శాఖ ఉంది, మన ఎంబసీ ఉంది, దాని కింద ఐసీబీఎఫ్ ఉంది.

మూడు. చేతులు డీజిల్‌తో, థిన్నర్‌తో కడగొద్దు. పాత గుడ్డతో తుడిచి, సబ్బుతో, లేదా చేతుల కోసమే చేసిన క్లీనర్‌తో కడిగి, రాత్రి కొబ్బరినూనె రాసుకోండి. తినే ముందు కడగడం అన్నిటికంటే ముఖ్యం.

నాలుగు, దీన్ని మాత్రం అందరూ వినండి. గ్రీజ్ గన్ ముక్కు నుంచి గానీ, పగిలిన హోస్ నుంచి గానీ గ్రీజ్ ఒత్తిడితో వేలిలోకి దూరితే, బయటికి సూది గుచ్చినంత రంధ్రమే కనబడుతుంది. నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. ప్లాస్టర్ వేసుకొని పడుకోవద్దు. లోపల గ్రీజ్ వేలంతా పాకుతుంది, గంటల్లో వేలు పోయే పరిస్థితి వస్తుంది. వెంటనే ఎమర్జెన్సీకి పోవాలి, 999కి చెయ్యాలి. డాక్టర్‌కు "హై ప్రెషర్ గ్రీజ్ ఇంజెక్షన్" అని ఈ మాటలతోనే చెప్పండి.

అయిదు. శుక్రవారం చేపలకు పోయేవాళ్ళు కొందరు పాత బ్యాటరీల సీసం కరిగించి గాలానికి గుండ్లు పోసుకుంటున్నారని తెలిసింది. వద్దు తమ్ముళ్ళూ. సీసం పొగ, దుమ్ము, చేతికంటిన నలుపు, అన్నీ విషమే. ఇంతవరకైతే ఫర్వాలేదు అనే మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రూమ్ కిచెన్‌లో అసలే వద్దు. ఆ బట్టలు సూట్‌కేసులో పెట్టుకొని ఇంటికి పోతే దుమ్ము పిల్లల దాకా పోతుంది, వాళ్ళ మెదడు మీద పడుతుంది. షాపులో గుండ్లు కొనుక్కోండి.

ఆఖరు మాట. వాయిస్ నొక్కే ముందు మిమ్మల్ని మీరు అడగండి. ఇది నేను చూసిందా, విన్నదా? ఇందులో ఎవరి పేరైనా ఉన్నదా? ఉంటే ఆయన ఆ మాట అన్నాడా? ఈ మూడూ నేను ఆ రాత్రి అడుక్కొని ఉంటే ఒక మనిషి ఇంకో నాలుగేళ్ళు ఇక్కడ పనిచేసుకునేవాడు, బిడ్డ పెళ్ళి అప్పు తీరేది.

పైన ఉన్న ఫోర్‌మన్ అన్నలు, సూపర్‌వైజర్ అన్నలు కూడా కొందరు వింటున్నారని తెలుసు. మీకూ ఒక మాట. ఎవరైనా చెయ్యి చూపించి ఇందులో ఏమున్నది అని అడిగితే, "ఏమీ లేదు" అనకండి. తెలియకపోతే "కనుక్కొని చెప్తా" అనండి. ఆ ఒక్క మాటే కందెన. దానికి ఖర్చేమీ లేదు.

ఉంటా మరి. వచ్చే శుక్రవారం కలుద్దాం. నీళ్ళు తాగండి, చేతులు కడుక్కోండి, ఇంటికి ఫోన్ చెయ్యండి.